మొలకలు పీకే కొలువు

గండభేరి దుర్గానికి పడమటి దిక్కున మొండిగుండు అని ఒక ఒంటిరాతి కొండ. తూర్పు నుంచి చూస్తే పడుకున్న ఏనుగు, ఉత్తరం నుంచి చూస్తే బోర్లించిన కాగు. పొద్దుటి ఎండ తగలగానే అది రాగిరంగుకు తిరుగుతుంది. మధ్యాహ్నానికి తెల్లబడి కళ్ళు చెదరగొడుతుంది. సాయంకాలానికి లేత వంకాయ రంగులోకి దిగి చల్లారుతుంది. పడమటి అంచున ఆ కొండ గోడలా తెగిపోయి ఉంటుంది. అక్కడి నుంచి వంగి చూస్తే వంద నిలువుల లోతున గిరికర్ణిక నది, ఎవరో పారేసిన జరీపోగులా మెరుస్తూ కనిపిస్తుంది. అంత కొండ మీదా ఒక్క పచ్చని ఆకు ఉండదు. ఉండనివ్వరు.

ఆ దుర్గాన్ని ఏలే మాంత్రికుడు కాలధ్వజుడు. ఏనుగు దళాలన్నా, నిచ్చెనలతో ఎగబాకే సేనలన్నా అతనికి లెక్కలేదు. అతని భయమంతా మొలకల మీదే. "నీ కోటను ఏ శత్రువూ పడగొట్టలేడు. పిట్ట ముక్కులోంచి జారిన గింజను మాత్రం కనిపెట్టి ఉండు" అని అతని గురువు ప్రాణం విడుస్తూ చెప్పాడట. అందుకని నలభైమంది ఆడవాళ్ళను కొలువులో పెట్టుకున్నాడు. తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా గోడల సందుల్లో, బండల నెర్రెల్లో లేచిన మొలకను లేచినట్టే పీకడం, రాళ్ళకు పట్టిన బూడిదరంగు రాతిపువ్వును ఎద్దుకొమ్ముతో చేసిన గోరుతో గీకడం వాళ్ళ పని. సాయంత్రం మొలకల నాయకుడు గవరయ్య ముందు ఎవరు పీకినవి వాళ్ళు పరచాలి. ప్రతి మొలకకూ వేరు చివరిదాకా ఉండాలి. తెగిన వేరు కనిపిస్తే ఆ చేతికి అరడజను దెబ్బలు.

ఆ నలభైమందిలో పదిరోజుల కిందట చేరిన పిల్ల పేరు ఎవరూ అడగలేదు. కొత్తపిల్ల అన్నారు. ఆమె తల వంచుకునే పని చేసేది. అడిగినదానికి ఒక్క మాటలో బదులిచ్చేది. నవ్వు వస్తే పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె రాళ్ళు చీల్చేవాళ్ళ బిడ్డ మైలమ అనీ, ఆ మొండిగుండు కడుపులో ఉన్న ఖైదీకి తోడబుట్టిన చెల్లెలనీ అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ ఖైదీ సింగన్న. కుసుమావతి రాజ్యానికి నీళ్ళిచ్చే ఏటికి అడ్డంగా కాలధ్వజుడు మంత్రబలంతో ఒక మహాశిలను నిలబెట్టాడు. ఆ శిల ఎక్కడ తడితే చీలుతుందో భూమండలంలో సింగన్న ఒక్కడే కనిపెట్టాడు. కాలధ్వజుడు అతన్ని పట్టి తెచ్చి మొండిగుండు గుహలోకి తోశాడు. తూర్పున ఉన్న గుహ ద్వారాన్ని రాతిపలకతో మూసి మంత్రం కట్టాడు. ఇనుము గాని, కంచు గాని, మరే లోహం గాని ఆ కొండను తాకిందా, గుహ కప్పు కూలి లోపలివాడు నలిగిపోతాడు. పలకలో పిడికిలి పట్టేంత కన్నం ఒకటి వదిలారు. రోజుకు ఒకపూట భటులు అందులోంచి గంజి పోస్తారు.

పదకొండో రోజు పొద్దున్నే దుర్గంలో నగారా మోగింది. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం ఆ కన్నాన్ని గానుగసున్నంతో పూడుస్తారని చాటించారు.

"ఇంక గాలి కూడా ఆడదు పాపం" అన్నది బండ మీద రాతిపువ్వు గీకుతున్న ఒకామె.

మైలమ చేతిలో ఉన్న వేపమొలక పుటుక్కున తెగింది. వేరు నెర్రెలోనే ఉండిపోయింది. ఆమె నిశ్చేష్టురాలై ఆ తెగిన తుంపును చూస్తూ కూర్చుంది. అప్పుడు పక్కనుంచి ఒక ముడతల చెయ్యి వచ్చి, ఆ తుంపును లాక్కుని, బదులుగా చివరిదాకా వేరున్న మరో మొలకను ఆమె ఒళ్ళో పడేసింది. ఆ చెయ్యి తాయమ్మది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ మొలకలు పీకుతున్న ముసలామె. నోట్లో రెండే పళ్ళు.

"నీ గంపలోది తగ్గదా, అవ్వా?" అన్నది మైలమ మెల్లగా.

"నా గంపలో ఎప్పుడూ నాలుగు ఎక్కువే ఉంటాయిలే. గవరయ్యకు ఆకు ఏదో వేరు ఏదో తెలుసుననుకున్నావా? చివర కనిపిస్తే చాలు వాడికి." తాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఆ లోపలున్నవాడు నీకేమవుతాడే?"

మైలమ తల వంచి ఇంకో మొలక వెతికింది. కళ్ళు మాత్రం దాచుకోలేకపోయింది.

"సరేలే. చెప్పకు" అన్నది తాయమ్మ. "నాకు చెప్తే నేను నలుగురికి చెప్తా. నా నోరు అట్టాంటిది."

పొద్దు నడినెత్తికి వచ్చింది. గవరయ్య కాళ్ళు కాలి, కొండ దిగువన కాలిబాట దగ్గర తాటాకు గొడుగు కింద చేరాడు. ఆడవాళ్ళు నలుగురైదుగురుగా నీడ వెతుక్కున్నారు. మైలమ మాత్రం తన మంచినీళ్ళ ముంతతో పడమటి అంచు దగ్గరికి వెళ్ళింది. రాయిని చదవడం వాళ్ళ ఇంట్లో అన్నం తినడంకన్నా ముందు నేర్పుతారు. మిటమిటలాడే ఎండలో కాగిన బండ మీద ఆమె నీళ్ళు పలచగా చిలకరించింది. చుయ్‌మని ఆవిరి లేచింది. కళ్ళు మూసి తెరిచేలోగా బండంతా ఆరిపోయింది.

ఒక్కచోట మాత్రం ఆరలేదు. తలవెంట్రుకంత గీత ఒకటి నల్లగా, తడిగా నిలిచింది. ఆమె ఇంకాస్త దూరం నీళ్ళు చల్లింది. ఆ గీత అంచుకు మూడు బారల ఇవతల కొడవలిలా వంగి, కొండ నెత్తిమీదుగా పోయి రెండు కొసలా అగాధం వైపు తిరిగింది. పైన దుమ్ము మేటవేసి కప్పింది గాని, లోపల నీళ్ళు తాగే నోరుంది.

మైలమ వంగి ఆ దుమ్మును వేలితో తీసింది. అది దుమ్ము కాదు. నల్లని మెత్తని మట్టి. ఒట్టి రాతి కొండ మీద ఆకు లేకుండా అలాంటి మట్టి పుట్టదు.

"తవ్వకే" అన్నది వెనక నుంచి తాయమ్మ. ఆమె గొంతులో ఇందాకటి సరదా లేదు. "ఆ జోలికి పోకు. నా తల తెగుద్ది."

"ఇక్కడేముంది అవ్వా?"

ముసలామె చుట్టూ చూసి కూలబడింది. "పాతికేళ్ళ కిందటి మాట. ఇక్కడ జువ్విమొలక ఒకటి లేచింది, నా వేలంత. ఆ రోజు నాకు జ్వరం. వంగితే కళ్ళు తిరుగుతున్నాయి. రేపు పీకుదాంలే అనుకున్నా. రేపు మరిచిపోయా. నెల తరవాత చూస్తే అది అంచు దాటి అవతలికి వాలింది. ఇటు ఆకు లేదు. ఎవడికీ కనపళ్ళా. పీకుదామంటే చేతికి రాదు. చెబుదామంటే దెబ్బలు. ఊరుకున్నా. అదీ ఊరుకోలేదు, పెరుగుతానే ఉంది."

మైలమ అంచు దగ్గరికి పాకి బోర్లా పడుకుంది. తాయమ్మ ఆమె చీలమండలు రెండూ గట్టిగా పట్టుకుంది. మైలమ తల అంచు దాటించి కిందికి చూసింది.

నిలువురాతి గోడకు కరుచుకుని, గాలిలోకి వాలి, ఒక జువ్విచెట్టు నిలబడి ఉంది. ఎర్రని లేతచిగుళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. కొమ్మల్లో గోరువంకలు కాపురాలు చేస్తున్నాయి. దాని వేళ్ళు కొన్ని రాతి మీద కరిగిన మైనంలా పారి, జడలు జడలుగా అగాధంలోకి వేలాడుతున్నాయి. మనిషి తొడంత లావు వేరు ఒకటి మాత్రం వెనక్కి తిరిగి, ఆమె చూసిన నెర్రెలోకే దూరిపోయింది. ఆ వేరు పక్కన రాయి ఉల్లిపొరల్లా విడివడి ఉంది. ఎండకు ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని, వాన నీటికి నాని, వేరు తోపుకు జరిగి, పాతికేళ్ళలో ఆ మొండి కొండ లోపల్లోపలే సగం తెగిపోయింది. పైన నడిచేవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

మైలమ వెనక్కి పాకి, నెర్రెకు చెవి ఆనించి, గులకరాయితో మూడుసార్లు తట్టింది. ఆగి మళ్ళీ రెండుసార్లు తట్టింది. రాళ్ళు చీల్చేవాళ్ళు గనిలో ఒకరినొకరు పిలుచుకునే తట్టు అది.

కాసేపటికి కింద, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, మూడు తట్లు. తరవాత రెండు.

"ఎవరు?" అన్నది గొంతు.

"నేనే అన్నా."

తరవాత సింగన్న అన్నాడు, "నిన్నెవరు రమ్మన్నారే? అమ్మకు చెప్పే వచ్చావా?"

"నీ నెత్తిమీద ఏముంది అన్నా?"

"వేరుంది. కప్పులోంచి దిగి గోడెమ్మట పోయింది. దాని పక్కన వేలు దూరేంత సందు. అప్పుడప్పుడూ గుప్పెడు మట్టి రాలుతుంది." అతని గొంతు మారింది. "నువ్వు నెర్రె మీదే ఉన్నావా? ఎంత పొడుగు?"

"ఇరవై బారలు. రెండు కొసలూ గాలిలోకే తిరిగాయి."

"అయితే అంచుపక్క బండ ఒట్టినే ఆనుకుని ఉందన్నమాట. దాన్ని జానెడు జరిపితే చాలు. ఉలి తగలకూడదు. ఎండుకొయ్య మేకులు దొరుకుతాయా?"

"ఇక్కడ పుల్ల కూడా దొరకదు" అన్నది మైలమ. అంతలో ఆమెకు ఒకటి తోచింది. "అన్నా, మనింట్లో ఉలవల కాగు వానలో మరిచిపోయాం, గుర్తుందా?"

లోపల నుంచి సన్నగా నవ్వు వినిపించింది. మూత సందుల్లోంచి నీళ్ళు దిగి, ఉలవలు ఉబ్బి, మూత బిగించిన ఆ కాగు తెల్లారేసరికి నిలువునా రెండు బద్దలై పడింది.

గండభేరి దుర్గంలో గుర్రాలకూ మొలకలు పీకేవాళ్ళకూ ఒకే వంటశాల. ఇద్దరికీ ఉలవలే. మధ్యాహ్నం ఉడికిన గుగ్గిళ్ళ గంప మోసుకొచ్చేది గుర్రపుసాలలోని కొత్త పనివాడు పుల్లన్న. చింపిరి తలపాగా, ముఖానికి మసి, నడకలో మాత్రం ఎంత దాచినా దాగని దర్పం. అతను కుసుమావతి యువరాజు వసంతపాలుడు. ఏటిని విడిపించగల సింగన్న కోసం మారువేషంలో వచ్చినవాడు. ఆ రహస్యం మైలమకు ఒక్కదానికే తెలుసు.

ఆ రోజూ గంప మోసుకుని వచ్చాడు. తాయమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఒరే పుల్లిగా, గంప అట్టా కిరీటం మోసినట్టు మోస్తావేందిరా? మెడ పట్టేస్తుంది. కాస్త వంగు."

యువరాజు వంగాడు. మైలమ చెంగు అడ్డం పెట్టుకుంది. దగ్గరికి వచ్చాక చిన్న గొంతుతో, "నడుముకు ఏముంది బాబూ?" అని అడిగింది.

"నా చురకత్తి. చిన్నదే."

"కిందికి వెళ్ళి దాన్ని మట్టిలో పాతిపెట్టి రండి. ఇక్కడ జారిపడితే మా అన్న ఉండడు."

వసంతపాలుడి ముఖం పాలిపోయింది. నడుము రెండు చేతులతో పట్టుకుని, గుడ్లు మోస్తున్నవాడిలా మెల్లగా కొండ దిగాడు. తిరిగి వచ్చాక ఆమె చెప్పింది. రేపు గంప అడుగున పచ్చి ఉలవలు కావాలి. రెండు కుంచాలకు తక్కువ కాకూడదు. పైన గుగ్గిళ్ళు పరవాలి.

"ఇంతేనా? నేను సేనను నడిపించినవాణ్ణి" అన్నాడు యువరాజు.

మర్నాడు మధ్యాహ్నం గంప వచ్చింది. నెర్రెలో మట్టిని అప్పటికే మైలమా తాయమ్మా కొమ్ముగోళ్ళతో చెయ్యి పట్టినంత లోతు తోడేశారు. మైలమ గుగ్గిళ్ళ కిందికి చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అలాగే ఉండిపోయింది. ఉలవలు బొద్దుగా, మెత్తగా, తొక్క సాగి ఉన్నాయి. కొన్నిటికి తెల్లని మొన కూడా వచ్చింది.

"ఇవి నానినవి" అన్నది.

"నానబెట్టకుండా ఎలా తెస్తాను?" అన్నాడు వసంతపాలుడు గర్వంగా. "ఎండు ఉలవ తింటే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. ముందురోజే నానెయ్యాలి. గుర్రపుసాలలో నేను మొట్టమొదట నేర్చుకున్న పని అదే. ఒక్క పూట కూడా మరవలేదు."

తాయమ్మ తల పట్టుకుంది. మైలమ గుప్పిట్లోని ఉలవలను గంపలోకి జారవిడిచింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి యువరాజుకు సంగతి అర్థమైంది. నానకుండా ఉన్న గింజే నీళ్ళు తాగి ఉబ్బుతుంది. నానిపోయినది ఉబ్బే పని ముందే ముగించుకుని వచ్చింది. ఒక రోజు వృథా. మిగిలింది ఒకే ఒక్క రోజు.

సరిగ్గా అప్పుడే గవరయ్య గొడుగు వదిలి పైకి వస్తూ కనిపించాడు. "ఏందది? గంపలో పచ్చి ఉలవలేంది?"

తాయమ్మ గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. ఉన్న రెండు పళ్ళతో కరకర నమిలింది. "ఈ పుల్లిగాడు గుర్రాల గంప మాకు, మా గంప గుర్రాలకు మార్చాడు దొరా. ఇయ్యాల గుర్రాలు గుగ్గిళ్ళు తింటన్నాయి. నువ్వే అడుగు వాణ్ణి, మేం మనుషులమా కాదా అని."

గవరయ్యకు నవ్వాగలేదు. యువరాజు వీపున ఒక్కటి వేశాడు. "పోయి మళ్ళీ తేరా దద్దమ్మా. గుర్రాల పెద్దకు తెలిస్తే నీ తోలు ఒలుస్తాడు."

సింహాసనానికి వారసుడు, వీపు రుద్దుకుంటూ, "చిత్తం" అని కొండ దిగాడు. ఒక్క పరుగున వెళ్ళి ఒక్క పరుగున వచ్చాడు. ఈసారి గంపలో ఉన్నవి గలగలలాడే ఎండు ఉలవలు. పైన గుగ్గిళ్ళు పరవడం ఈసారి కూడా మరవలేదు.

పొద్దు వాలేలోగా వాటిని నెర్రెలో పొయ్యాలి. మైలమా తాయమ్మా గుప్పిళ్ళతో పోస్తూ, కొమ్ముగోళ్ళతో అదుముతూ పోయారు. ఇరవై బారల పొడుగు. చేతులు చాలలేదు. వాళ్ళను చూసి రాతిపువ్వు గీకే ఆమె పని ఆపి వచ్చి, ఏమిటని అడగకుండా, పక్కన కూర్చుని పోయసాగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. తరవాత అయిదుగురు. పైన తడిమట్టి మెత్తి, చదునురాళ్ళు బిగించి, ముంతల్లో మిగిలిన నీళ్ళన్నీ పోశారు. ఆ సాయంత్రం గవరయ్య ముందు మొలకలు తక్కువే పడ్డాయి. వేరు చివరలు మాత్రం అన్నిటికీ ఉన్నాయి.

మూడో రోజు తెల్లవారింది. మైలమ అందరికన్నా ముందు కొండెక్కింది. మట్టి బీటలిచ్చింది గాని రాయి కదల్లేదు. నెర్రె వెడల్పును వేలితో కొలిచింది. నిన్నెంతో ఇవాళా అంతే. గులకరాయితో తట్టింది.

"నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి తల్లీ" అన్నాడు సింగన్న. "కింద సందు తెరిచి ఉంది కదా. పైన నాలుగు గింజలు ఉబ్బి ఉంటాయి. కింద ఉన్నవి ఎండుగానే ఉన్నాయి. నా చేతికి తగులుతున్నాయి."

మైలమ పెదవి కొరుక్కుంది. అంత దూరం చూసి, అడుగు చూడకపోవడం తన తప్పే. "నీ దగ్గర మట్టి ఉందా?"

"వేరు రాల్చింది దోసెళ్ళకొద్దీ ఉంది. కలపడానికి నీళ్ళు లేవు." కింద మట్టిచిప్ప జరిగిన చప్పుడు వినిపించింది. "గంజి ఉంది. ఇప్పుడే పోశారు. ఇదే ఆఖరిదని చెప్పి మరీ పోశారు."

"ఆకలి కాదా?"

"బయటికొచ్చాక నువ్వు వండి పెడుదువుగానిలే."

మట్టిలో గంజి కలిపి, వేరు మీదికెక్కి, సింగన్న కప్పులోని సందంతా కింద నుంచి మెత్తుకుంటూ పోయాడు. గంజి జిగురుకు మట్టి రాయిని బాగా కరిచింది. "ఇంక పొయ్యి" అని అతను చెప్పేసరికి పొద్దు బారెడెక్కింది.

పొయ్యడానికి మైలమ దగ్గర ఉన్నది ఒక్క ముంతెడు నీళ్ళు. ఆమె తలెత్తి చూసింది. కొండ మీద ముప్ఫైతొమ్మిది మంది ఆడవాళ్ళు, ఎవరి ముంత పక్కన వాళ్ళు. సాయంత్రం దాకా మరో చుక్క దొరకదు. నలుగురిలో నోరెత్తని పిల్ల లేచి నిలబడింది.

"లోపల మా అన్న ఉన్నాడు" అన్నది. "నాకు నీళ్ళు కావాలి."

తాయమ్మ మొదటి ముంత తెచ్చి వంచింది. రాతిపువ్వు గీకే ఆమె రెండోది. తరవాత వరస కట్టారు. నలభై ముంతల నీళ్ళు నెర్రె గుటగుటా తాగేసింది. ఈసారి ఒక్క చుక్క కూడా కిందికి పోలేదు.

ఎండ ముదిరింది. మొండిగుండు రాగిరంగు వదిలి తెల్లబడసాగింది. పైన బండ కాలి ఉబ్బుతోంది, లోపల ఉలవ నాని ఉబ్బుతోంది, వాటికి ముందే పాతికేళ్ళుగా వేరు తోస్తూనే ఉంది. వసంతపాలుడు గుగ్గిళ్ళ గంపతో వచ్చి, దాన్ని దించడం కూడా మరిచి నిలబడ్డాడు. దూరంగా తూర్పు వాకిట్లో కొమ్ములు ఊదారు. నల్లని పట్టుబట్టలు, మెడలో పాముకుబుసాల హారం, చేతిలో యోగదండంతో కాలధ్వజుడు పల్లకి దిగాడు. అతని వెనక భటులు కొయ్య తొట్టెల్లో గానుగసున్నం మోసుకొచ్చారు.

"చల్లగా ఉన్నావా సింగన్నా?" అని కాలధ్వజుడు కన్నంలోంచి పలకరించాడు. "ఏటిబండ గుట్టు ఇంకెవరికైనా చెప్పావా? చెప్పలేదంటే సుఖంగా పోతావు."

"మా చెల్లెలికి చెప్దామనుకుంటున్నా" అన్నాడు సింగన్న లోపలినుంచి.

మాంత్రికుడు నవ్వి చెయ్యి ఊపాడు. మొదటి తట్టెడు సున్నం కన్నంలో పడింది.

కొండ మీద మైలమ చెవి బండకు ఆనించి పడుకుని ఉంది. చెంప కాలుతున్నా తియ్యలేదు. మొదట వానచినుకు రాలినంత చప్పుడు. తరవాత ఇంకొకటి. చదునురాయి ఒకటి దానంతటదే లేచి పక్కకు దొర్లింది. మెత్తిన మట్టి పెళుసుగా విరిగి, ఉబ్బిన ఉలవలు బుసబుస పైకి పొంగాయి.

"వెనక్కి జరగండి" అన్నది మైలమ.

కొత్త బట్ట చింపినట్టు ఒక ధ్వని కొండ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. అంచుపక్క బండ, రథమంత బండ, మూరెడు అవతలికి ఒరిగి నిలిచిపోయింది. జువ్వివేళ్ళు వీణతీగల్లా బిగిసి దాన్ని పడిపోకుండా పట్టుకున్నాయి. కొమ్మల్లోని గోరువంకలన్నీ ఒక్కసారి లేచి, ఒక సుడి తిరిగి, మళ్ళీ వచ్చి వాలాయి. తెరుచుకున్న సందులోంచి ఎండ, ఆ రాయి పుట్టాక మొట్టమొదటిసారి, లోపలికి దిగింది.

ఆ వెలుగులో పైకి చాచిన ఒక చెయ్యి కనిపించింది. వసంతపాలుడు బోర్లా పడి దాన్ని అందుకున్నాడు. బక్కచిక్కిన సింగన్న వేరు పట్టుకుని, మోకాళ్ళు గీసుకుంటూ పైకి వచ్చి, కళ్ళు తెరవలేక రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. మైలమ అతని భుజం తడిమింది. సింగన్న తడుముకుంటూ విరిగిన రాతి పక్కకు అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఎంత నున్నగా చీలిందే" అన్నాడు. "నా ఉలికి కూడా ఇట్టా రాదు."

"మెచ్చుకోవడం తరవాత. పైకి వస్తున్నారు" అన్నాడు యువరాజు.

కాలిబాట మీద గవరయ్య కేకలు, భటుల అడుగుల చప్పుడు. దారి ఒక్కటే మిగిలింది. జువ్విచెట్టు మీదికి దిగి, దాని వేలాడే వేళ్ళు పట్టుకుని, నది వైపు. ముందు వసంతపాలుడు, అతని వెనక సింగన్న. మైలమ తాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ రా అవ్వా."

"ఈ మోకాళ్ళతోనా? పో, పో. నేనిక్కడ కాసేపు కూర్చుంటా. ముప్ఫై ఏళ్ళ నుంచి వంగి వంగి నడుం పోయింది."

మైలమ అంచు దాటింది. వేళ్ళు ఎండలో ఉన్నా చల్లగా ఉన్నాయి. పది నిలువులు దిగేసరికి పైన నల్లని పట్టుబట్టలు రెపరెపలాడుతూ కనిపించాయి. కాలధ్వజుడు ఒరిగిన బండ అంచున నిలబడి, తన కోటలో పాతికేళ్ళు బతికిన చెట్టును మొదటిసారి చూస్తున్నాడు.

"పీకండి" అన్నాడు. "దాన్ని వేళ్ళతో పీకి పారెయ్యండి."

భటుల చేతుల్లో ఉన్నవన్నీ ఇనుము. అది తాకితే కొండ కప్పు కూలుతుందన్న భయంతో వాళ్ళు కాలిబాట మొదట్లోనే ఆగిపోయారు. ఆ పని తెలిసిన చేతులు పైన నలభై జతలకు ఒకటి తక్కువ ఉన్నాయి. తాయమ్మ బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రాతిపువ్వు గీకే ఆమె పక్కన కూర్చుంది. ఒకరి తరవాత ఒకరు ముప్ఫైతొమ్మిది మందీ కూర్చున్నారు.

"పీకమన్నాను."

"పెద్దదైపోయింది దొరా" అన్నది తాయమ్మ. "ఇంక చేతికి రాదు."

గవరయ్య ఎవరి వైపు చూడాలో తెలియక గొడుగు వైపు చూశాడు. కాలధ్వజుడు యోగదండం పారేసి, తానే మోకాళ్ళ మీద కూలబడి, తొడంత వేరును రెండు చేతులా కావలించుకుని గుంజాడు. వేరు కదల్లేదు. అతను మోకాలు బండకు తన్ని మళ్ళీ గుంజాడు.

కింద అగాధంలో వేలాడుతున్న మైలమ అరచేతుల్లోకి ఆ వణుకు దిగింది. ఆమె తలెత్తింది. వేరును కాదు, అతను తన్నిపట్టిన బండను చూసింది. ఒరిగిన బండ, మాంత్రికుణ్ణి మోస్తూనే, ఇంకొక్క వేలెడు బయటికి జరిగింది. ఇసక సన్నగా ఆమె ముఖం మీద రాలింది.

"అన్నా, బండకిందినుంచి పక్కకు జరుగు" అన్నది ఆమె, గొంతు పెంచకుండానే. "బాబూ, మీరు కూడా. ఎడమపక్క వేరు గట్టిది. దాన్ని పట్టుకోండి."

ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఎడమవేరుకు మారారు. నది హోరు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పైన కాలధ్వజుడు మూడోసారి బలం కూడదీసుకుంటున్నాడు.